లెక్కలో వచ్చిన ఓమ్‌లు, మీటరు చూపిన ఓమ్‌లు ఎందుకు కలవవు?

మీరు అడిగింది ఇది: 12.0 వోల్టులు చూపిస్తున్న డీసీ సప్లైకి మూడు వస్తువుల్ని విడివిడిగా తగిలించారు. చిన్న హీటరు 2.00 ఆంపియర్లు తీసుకుంది. 21 వాట్ల కారు బల్బు 1.75, ఖాళీగా కాకుండా లోడుతో తిరుగుతున్న డీసీ మోటారు 2.00 తీసుకున్నాయి. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే వరసగా 6.0, 6.9, 6.0 ఓమ్‌లు వచ్చాయి. సప్లై తీసేసి, అన్నీ చల్లారాక మల్టీమీటరుతో ఓమ్‌లు చూస్తే మాత్రం 6.2, 0.8, 1.1 వచ్చాయి. ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనించినప్పుడు మీటరు 0.3 చూపిస్తోంది. వీటిలో ఏది నమ్మాలి, వాట్లు దేనితో లెక్కగట్టాలి?

మీ భాగహారంలో తప్పు లేదు, మీటరూ బాగానే ఉంది. వోల్టేజిని కరెంటుతో భాగించడం దేనికైనా చేయొచ్చు, ఏదో ఒక అంకె వస్తుంది. ఆ అంకె ఆ వస్తువు నిరోధం అవునా కాదా అనేది వస్తువును బట్టి ఉంటుంది. హీటరు విషయంలో అవును. బల్బు విషయంలో అవును గానీ, అది వెలుగుతున్నప్పటి నిరోధం. మోటారు విషయంలో అది నిరోధమే కాదు.

ముందు సూత్రాలు, వాటి హద్దులతో సహా.

నిరోధం = వోల్టేజి ÷ కరెంటు
పవరు = వోల్టేజి × కరెంటు
పవరు = కరెంటు × కరెంటు × నిరోధం
పవరు = వోల్టేజి × వోల్టేజి ÷ నిరోధం

మొదటిది జార్జ్ ఓమ్ 1827లో ప్రచురించిన పనిలోంచి వచ్చింది. ఉష్ణోగ్రత మారకుండా ఉన్నంతవరకు లోహపు తీగలో ఈ నిష్పత్తి స్థిరంగా ఉంటుందని దాని సారాంశం. ఆ షరతు చాలామందికి గుర్తుండదు. రెండోదానికి అలాంటి షరతేమీ లేదు. డీసీలో ఒక వస్తువు రెండు కాళ్ళ (కరెంటు వచ్చిపోయే కొనల) మధ్య వోల్టేజిని, అదే క్షణంలో దానిలోంచి పోతున్న కరెంటుతో గుణిస్తే వచ్చేది దానిలోకి వెళ్తున్న పవరే. లోపల హీటరుందా, మోటారుందా, బ్యాటరీ చార్జవుతోందా అన్నదానితో నిమిత్తం లేదు. మూడోది, తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని 1840ల మొదట్లో జేమ్స్ జౌల్ ప్రయోగాలతో చూపించిన సంగతి. మూడు, నాలుగు సూత్రాల్లో నిజమైన నిరోధమే వేయాలి. భాగిస్తే వచ్చిన అంకెను వాటిలో వేస్తే మళ్ళీ వోల్టేజి × కరెంటే వస్తుంది తప్ప కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

హీటరు తేడా చిన్నదే, కానీ మిగతావాటికి పునాది అక్కడే ఉంది. మీ మీటరు 6.2 చూపించింది. అందులో 0.3 ప్రోబుల తీగలది. తీసేస్తే హీటరు 5.9 ఓమ్‌లు. మరి భాగిస్తే 6.0 ఎందుకొచ్చింది? మీరు తీసుకున్న 12.0 సప్లై ముందున్న డిస్‌ప్లేలోది. అక్కడి నుంచి హీటరు దాకా వెళ్ళి తిరిగొచ్చే రెండు తీగలకూ, క్రొకడైల్ క్లిప్పులకూ కలిపి 0.1 ఓమ్ ఉంటే చాలు, 2 ఆంపియర్ల దగ్గర 0.2 వోల్టు దారిలోనే పోతుంది. మీటరును వోల్టు రేంజిలో పెట్టి హీటరు కాళ్ళ మీదే ఆనించి చూడండి, 11.8 దరిదాపుల్లో కనబడాలి. 11.8 ÷ 2.00 = 5.9. రెండూ కలిశాయి. పవరు కూడా 24 వాట్లు కాదు. హీటరులో 23.6, తీగల్లో 0.4.

కాబట్టి కొలతల్లో మొదటి నియమం: వోల్టేజిని వస్తువు కాళ్ళ దగ్గరే కొలవాలి. క్లిప్పు మీద ప్రోబు పెడితే క్లిప్పుకూ కాలికీ మధ్యనున్న జాయింటు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. క్లిప్పు ఒకచోట, ప్రోబు దానికన్నా లోపలి వైపు, కాలి లోహం మీద ఉండాలి. ఒకటి రెండు ఓమ్‌లకన్నా తక్కువ ఉన్నవాటికి ఇది పాటించకపోతే కొలతకు విలువే ఉండదు.

హీటరులో వేడి నిరోధం, చల్లని నిరోధం దాదాపు ఒకటేగా ఉండటానికి కారణం నిక్రోమ్ (నికెల్, క్రోమియం కలిపిన లోహం) తీగ. ఎర్రగా కాలేంత వేడెక్కినా దాని నిరోధం కొద్ది శాతమే పెరుగుతుంది. అందుకే హీటరు ఎలిమెంటు బాగుందో లేదో చల్లగా ఉన్నప్పుడే ఓమ్ రేంజిలో చూసి చెప్పొచ్చు. బల్బుకు ఆ వీలు లేదు.

బల్బు కాళ్ళ దగ్గర వోల్టేజి కూడా సుమారు 11.8 ఉంటుంది. 1.75తో భాగిస్తే 6.7 ఓమ్‌లు. చల్లగా ఉన్నప్పుడు 0.8లోంచి 0.3 తీస్తే 0.5. అంటే వెలిగినప్పుడు నిరోధం 13 రెట్లు పెరిగింది. టంగ్‌స్టన్ ఫిలమెంటు సుమారు 2400 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేస్తుంది గనక ఇది సరిగ్గా ఉండాల్సినట్టే ఉంది. చల్లని 0.5 ఓమ్‌ను సూత్రంలో వేస్తే 11.8 × 11.8 ÷ 0.5 = 278 వాట్లు వస్తాయి. 21 వాట్ల బల్బు మీద ఈ అంకె చూసి చాలామంది సూత్రమే తప్పనుకుంటారు. స్విచ్చి వేసిన తొలి క్షణానికి మాత్రం ఆ దారిలోని లెక్కే నిజం: ఫిలమెంటు 0.5, తీగలు 0.1 కలిపి 0.6 ఓమ్, 12 ÷ 0.6 = 20 ఆంపియర్లు. కొన్ని పదుల మిల్లీసెకన్లలో ఫిలమెంటు వేడెక్కి 1.75కు దిగుతుంది. బల్బులు ఎక్కువగా స్విచ్చి వేసేటప్పుడే పోవడానికీ, చిన్న ట్రాన్సిస్టరుతో బల్బు వెలిగిస్తే ట్రాన్సిస్టరు కాలిపోవడానికీ మూలం ఈ 20 ఆంపియర్లే. మీ సప్లైలో కరెంటు లిమిటు 3 ఆంపియర్లకు పెట్టి ఉంటే, అది వోల్టేజిని కాసేపు దించి బల్బును మెల్లగా వెలిగిస్తుంది. అప్పుడు ఈ ఉరుకు మీకు కనబడదు.

ఒక్క జాగ్రత్త. 0.1 వరకే చూపించే మీటరుతో 0.5 కొలిచామంటే అది 0.4 నుంచి 0.6 దాకా ఏదైనా కావచ్చు. 13 రెట్లు అన్నదాన్ని 11 నుంచి 17 మధ్య ఎక్కడో అనే తీసుకోవాలి.

ఇక మోటారు. చాలామంది తప్పుదారి పట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చూద్దాం.

మోటారు తిరుగుతుంటే దాని ఆర్మేచరు (లోపల తిరిగే తీగచుట్ట) అయస్కాంతం మధ్య తిరిగే జనరేటరు కూడా అవుతుంది. అది పుట్టించే వోల్టేజి సప్లైకి ఎదురుగా నిలబడుతుంది, దాన్నే బ్యాక్ ఈఎంఎఫ్ అంటారు. ఆ చుట్టిన తీగ, అంటే వైండింగు, నిరోధం మీద పడేది మిగిలిన కొంచెమే. మీ మోటారు వైండింగు 1.1 లోంచి 0.3 తీస్తే 0.8 ఓమ్. 2 ఆంపియర్ల దగ్గర దాని మీద పడేది 1.6 వోల్టులు. కాళ్ళ దగ్గర 11.8 ఉంటే, బ్యాక్ ఈఎంఎఫ్ 10.2 వోల్టులు. పవరు పంచి చూడండి:

లోపలికి వెళ్ళింది: 11.8 × 2 = 23.6 వాట్లు
వైండింగులో వేడి: 2 × 2 × 0.8 = 3.2 వాట్లు
తిప్పడానికి వెళ్ళింది: 10.2 × 2 = 20.4 వాట్లు

చివరి 20.4లోంచే బేరింగుల రాపిడి, ఇనుములో నష్టం పోగా మిగిలింది షాఫ్టు మీదికి వస్తుంది. భాగిస్తే వచ్చిన 6 ఓమ్‌లను నిరోధం అనుకుంటే మొత్తం 23.6 వాట్లూ వేడే అని తేలుతుంది. అదే నిజమైతే ఆ మోటారును పట్టుకుంటే చెయ్యి కాలేది.

ఇప్పుడు షాఫ్టు ఇరుక్కుపోయిందనుకోండి. వేగం సున్నా, బ్యాక్ ఈఎంఎఫ్ సున్నా. దారిలో ఉన్నది 0.8, తీగలది 0.1, అంతే. సప్లై ఇవ్వగలిగితే 12 ÷ 0.9 = 13.3 ఆంపియర్లు పోతాయి, వైండింగులో వేడి 13.3 × 13.3 × 0.8, అంటే 140 వాట్ల పైనే. 3 వాట్ల వేడికి అలవాటుపడిన వైండింగులోకి ఒక్కసారిగా 140 వాట్లు. కొద్ది సెకన్లలో తీగ మీది ఎనామిల్ పూత కాలే వాసన వస్తుంది, ఆ తర్వాత పొరలు కరిగి చుట్లు ఒకదానికొకటి తగులుతాయి. మోటారుకు డ్రైవరు (దాన్ని నడిపే సర్క్యూటు) ఎంచేటప్పుడు చూడాల్సింది ఈ 13 ఆంపియర్లను. నడుస్తున్నప్పటి 2 ఆంపియర్లను చూసి 3 ఆంపియర్ల డ్రైవరు కొంటే అది స్టార్టింగులోనే పోవచ్చు.

మోటారు వైండింగును ఓమ్ రేంజిలో కొలిస్తే ఇంకో చిక్కుంది. మీటరు పంపే కరెంటు మరీ తక్కువ, మిల్లీఆంపియర్ల లెక్కలో ఉంటుంది. బ్రష్షుకూ, అది ఆనుకునే కమ్యుటేటరుకూ (షాఫ్టుతో తిరుగుతూ చుట్లకు కరెంటు అందించే రాగి ముక్కల వలయం) మధ్యనున్న సన్నని పొరను అది సరిగా దాటదు, రీడింగు ఊగుతుంది. ఇలా చేయండి: సప్లై వోల్టేజిని సున్నాకు దగ్గరగా దించి, కరెంటు లిమిటు 1.00 ఆంపియరుకు పెట్టండి. షాఫ్టును కదలకుండా పట్టుకుని, 1.00 ఆంపియరు పారేదాకా వోల్టేజి పెంచండి. మోటారు కాళ్ళ మీద వోల్టు రేంజిలో ఎంతుందో చూడండి. 0.80 వోల్టు ఉంటే 0.80 ఓమ్, భాగహారం కూడా అక్కర్లేదు. షాఫ్టును కొంచెం కొంచెంగా తిప్పి నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీసుకోండి, ఎందుకంటే బ్రష్షు కమ్యుటేటరులోని ఏ సెగ్మెంట్ల (ముక్కల) మీద ఉందో దాన్ని బట్టి మారుతుంది. ఒకచోట మాత్రం ఉన్నట్టుండి ఎక్కువ చూపిస్తే అక్కడి చుట్టు తెగినట్టు, లేదా ఆ సెగ్మెంటు మాసినట్టు.

ఇదే కొలతతో వైండింగు ఎంత వేడెక్కిందో కూడా తెలుస్తుంది. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 0.80 ఉన్నది, గంట నడిపి ఆపిన వెంటనే 0.96 చూపితే 20 శాతం పెరిగింది. రాగికి వాడే లెక్క: వేడి నిరోధాన్ని చల్లని నిరోధంతో భాగించి, దాన్ని చల్లని ఉష్ణోగ్రతకు 234.5 కలిపిన దానితో గుణించి, చివర 234.5 తీసేయాలి. 1.2 × 264.5 = 317.4, అందులోంచి 234.5 తీస్తే 83 డిగ్రీలు. పైన బాడీ మీద చెయ్యి పెట్టి చూసే అంచనాకన్నా ఇది ఎంతో నికరం.

కరెంటు కొలిచే తీరు గురించి రెండు మాటలు. ఆమ్మీటరును సీరీస్‌లో పెట్టినప్పుడు దాని నిరోధం కూడా దారిలోకి వస్తుంది. 10 ఆంపియర్ల సాకెట్‌లో అది పట్టించుకోనంత చిన్నది, మిల్లీఆంపియర్ల రేంజిలో కొన్ని ఓమ్‌లు ఉంటుంది, మైక్రో రేంజిలో ఇంకా ఎక్కువ. 6 ఓమ్‌ల వస్తువుకు వోల్టుమీటరును నేరుగా వస్తువు మీదే పెట్టాలి. 10 మెగా ఓమ్‌ల డిజిటల్ మీటరు తాగే కరెంటు 12 వోల్టుల దగ్గర 1.2 మైక్రోఆంపియర్లు, దాన్ని మరిచిపోవచ్చు. కానీ కొలిచేది 5 మెగా ఓమ్‌లైతే అదే వోల్టుమీటరు దాంతో సమాంతరంగా చేరి 3.3 మెగా ఓమ్‌లు అన్నట్టు చూపిస్తుంది. అప్పుడు వోల్టుమీటరును ఆమ్మీటరూ వస్తువూ రెండూ కలిసి లోపల ఉండేట్టు పెట్టాలి. మధ్య గీత ఎక్కడంటే, రెండు మీటర్ల నిరోధాలనూ గుణించి వర్గమూలం తీసిన చోట. 1 ఓమ్, 10 మెగా ఓమ్‌లైతే అది సుమారు 3,160 ఓమ్‌లు.

కరెంటు కొలిచాక ఎర్ర ప్రోబును వెంటనే వోల్టు సాకెట్‌లోకి మార్చండి. మరిచిపోయి అలాగే సప్లై మీద ఆనిస్తే మీటరు షార్టు తీగ అవుతుంది. 12 వోల్టుల సప్లై మీదైతే ఫ్యూజుతో పోతుంది, 230 వోల్టుల లైను మీదైతే చేతిలో మంట లేస్తుంది. ఆ లైను మీద కరెంటు చూడాలంటే తీగ చుట్టూ బిగించి కొలిచే క్లాంప్ మీటరే వాడండి, అదీ ఒక్క తీగ చుట్టూ మాత్రమే. రెండు తీగలూ కలిపి బిగిస్తే వెళ్ళేదీ వచ్చేదీ కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. ఓమ్ రేంజి మాత్రం సప్లై పూర్తిగా తీసేసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాకే.

మీ హీటరు దగ్గర 0.1 ఓమ్ వల్ల పోయింది 0.4 వాటే. పెద్ద కరెంటు దగ్గర అదే 0.1 ఏం చేస్తుందో చూడండి. 16 ఆంపియర్ల ప్లగ్గులో ఒక పిన్ను లూజుగా ఉండి 0.1 ఓమ్ వచ్చిందంటే, 16 × 16 × 0.1 = 25.6 వాట్లు. సోల్డరింగ్ ఐరను మొనలో ఉండే వేడి అది, ఆ పిన్ను మొదట్లో, ప్లాస్టిక్‌కు ఆనుకుని. ముందు పిన్ను రంగు మారుతుంది, తర్వాత ఆ ఒక్క రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది, రెండో రంధ్రం తెల్లగానే ఉంటుంది. ఫ్యూజు గానీ బ్రేకరు గానీ దీన్ని పసిగట్టవు, ఎందుకంటే కరెంటు పెరగలేదు, కాస్త తగ్గింది కూడా. తీగలో కూడా ఇదే లెక్క. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కండక్టరుకు కిలోమీటరుకు సుమారు 7.4 ఓమ్‌లు. 20 మీటర్ల దూరమంటే పోను రాను 40 మీటర్లు, 0.3 ఓమ్. 16 ఆంపియర్ల దగ్గర 4.7 వోల్టుల డ్రాపు, 76 వాట్ల వేడి. ఇది 40 మీటర్ల పొడవునా పరచుకుంటుంది గనక ప్రమాదం కాదు. పిన్ను దగ్గరి 25 వాట్లు ఒకేచోట ఉంటాయి గనక ప్రమాదం.

రెసిస్టరు వాటేజి ఎంచడానికి కూడా ఈ లెక్కే. 12 వోల్టుల మీద 3 వోల్టుల ఎల్ఈడీని 20 మిల్లీఆంపియర్లతో వెలిగించాలంటే, మిగిలిన 9 వోల్టులను 0.020తో భాగించాలి, 450 ఓమ్‌లు. 0.020 బదులు 20 వేసి 0.45 ఓమ్ తెచ్చుకోవడం అందరూ చేసే తప్పు. దొరికేది 470. కరెంటు 19 మిల్లీఆంపియర్లు, రెసిస్టరులో 0.17 వాటు. పావు వాటు రెసిస్టరు సరిపోతుందని లెక్క చెబుతుంది, కానీ అర వాటుది వేయండి. ఆ పావు వాటు అనే అంకె చుట్టూ గాలి ఆడుతున్నప్పటిది. మూసిన డబ్బాలో, పక్కన ఇంకో నాలుగు రెసిస్టర్లు ఉంటే అంత మోయలేదు. లెక్కకు రెట్టింపు పెట్టుకుంటే చాలు. ఎల్ఈడీకి మాత్రం 3 వోల్టులను 20 మిల్లీఆంపియర్లతో భాగించి 150 ఓమ్‌లు అనకండి. కరెంటు సగం చేస్తే వోల్టేజి సగం కాదు, కొంచెమే తగ్గుతుంది, అంకె దాదాపు రెట్టింపవుతుంది.

వస్తువు మీద రాసిన వాట్లతో కరెంటు లెక్కగట్టేటప్పుడు, అవి ఏ వోల్టేజికి రాశారో అక్కడికే పరిమితం. 230 వోల్టులు, 1000 వాట్లు అని ఉన్న హీటరు నిరోధం 230 × 230 ÷ 1000 = 52.9 ఓమ్‌లు. లైను 200 వోల్టులకు పడిపోతే కరెంటు 3.78 ఆంపియర్లు, పవరు 756 వాట్లు. 1000 ÷ 200 = 5 ఆంపియర్లు అనడం తప్పు. అయితే కంప్యూటరు సప్లై, చార్జరు లాంటివి వోల్టేజి తగ్గితే కరెంటు పెంచుకుని పవరు నిలబెట్టుకుంటాయి. వాటికి ఆ భాగహారమే సరైనది.

ఏసీలో వోల్టేజి × కరెంటు వాట్లు అయ్యేది హీటరు లాంటి వాటికే. మోటారుకు 230 వోల్టులు, 2 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టరు (ఆ గుణకారంలో నిజంగా వాట్లయ్యే వంతు) 0.6 అయితే గుణిస్తే వచ్చే 460 వోల్ట్-ఆంపియర్లు మాత్రమే, నిజమైన పవరు 276 వాట్లు. తీగ మందం 2 ఆంపియర్లకే చూడాలి, బిల్లు 276కే వస్తుంది. రెండు మీటర్లతో పవర్ ఫ్యాక్టరు తెలియదు, దానికి వాట్ మీటరు కావాలి.

మీ హీటరును ముందుముందు పల్సులతో తగ్గించి నడిపే కంట్రోలరు పెడితే ఒక సంగతి తెలిసి ఉండాలి. సగం సమయం ఆన్, సగం ఆఫ్ అయితే హీటరు కాళ్ళ దగ్గర డీసీ మీటరు సగటు చూపిస్తుంది: 5.9 వోల్టులు, 1.0 ఆంపియరు. భాగిస్తే 5.9 ఓమ్‌లు, సరిగ్గానే వస్తుంది. గుణిస్తే 5.9 వాట్లు, అది మాత్రం తప్పు. ఆన్‌లో ఉన్నంతసేపూ 23.6 వాట్లు పోతున్నాయి, సగం సమయానికి సగటు 11.8. రెండు సగటుల్ని గుణించడంతో సగం పవరు మాయమైంది. దీనికి ట్రూ ఆర్ఎంఎస్ మీటరు (సగటు కాకుండా, వేడి పుట్టించే విలువను చూపే మీటరు) కోసం వెతకనక్కర్లేదు. కంట్రోలరుకు ముందు, వోల్టేజి నిలకడగా ఉన్న సప్లై వైపు రెండూ కొలవండి. అక్కడ 12.0 వోల్టులు, 1.0 ఆంపియరు చూపిస్తుంది, 12 వాట్లు. హీటరు తీసుకునేది దాంట్లోంచి తీగల్లో, కంట్రోలరులో పోయిన కాస్తా తగ్గించుకుంటే వస్తుంది.